సేవాసంఘం వారపు సమావేశంలో స్త్రీల కుర్చీ ఎక్కడ?

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శిబిరంలో నిన్నటినుంచీ ఆస్తిహక్కు, గృహహింస, పనిచోట్ల వేధింపులు వంటి విషయాలు మాట్లాడుకుంటున్నాం. వాటి మధ్య నేను రోటరీ క్లబ్బు, లయన్స్ క్లబ్బు గురించి మాట్లాడతాననగానే కొందరు నవ్వారు. "అవి కలిగినవాళ్ల కాలక్షేపం కదా అక్కా, మనకెందుకు?" అని ఒకామె అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఐతే మనలో ఆ క్లబ్బుల గడప తొక్కనివాళ్లు ఎందరు? కుట్టు మిషన్ల కోసం అర్జీ పట్టుకుని వెళ్లాం. కంటి శిబిరానికి డాక్టర్ని పంపమని అడగడానికి వెళ్లాం. మార్చి 8న "మహిళా సాధికారత" మీద పది నిమిషాలు మాట్లాడి, శాలువా కప్పించుకుని వచ్చాం. ఊళ్లో వరదొచ్చినా, అగ్నిప్రమాదం జరిగినా ముందుగా చందాలకు వెళ్లేదీ అక్కడికే. ఇన్నిసార్లు వెళ్లిన చోటు ఎలా నడుస్తుందో, అందులో స్త్రీలకున్న స్థానమేమిటో మనం కూర్చుని ఆలోచించలేదు. ఆ పని ఇవాళ చేద్దామని నా ప్రయత్నం.

ఒక వారం కార్యక్రమం

ఏ పత్రిక జిల్లా పేజీ తెరిచినా ఈ వార్తలు కనిపిస్తాయి. ఫలానా క్లబ్బు వారపు సమావేశం ఫలానా హోటల్లో జరిగింది, అధ్యక్షులవారు అధ్యక్షత వహించారు, ముఖ్య అతిథి మధుమేహం మీదో, ఆదాయపు పన్ను మీదో ప్రసంగించారు, కార్యదర్శి నివేదిక చదివారు, వందన సమర్పణతో సభ ముగిసింది. పక్కనే ఫోటో.

చిన్న పట్టణాల్లో ఇలాంటి సమావేశాల్లో వెనక వరసలో కూర్చుని చూసినప్పుడు నాకు కనిపించిన క్రమం ఇంచుమించు ఎక్కడైనా ఒకటే. అధ్యక్షుడు మెడలో బిళ్లల హారం వేసుకుని గంట కొడతాడు. ఎవరో ఒక సభ్యుడి కూతురు ప్రార్థనాగీతం పాడుతుంది. ఆ వారంలో పుట్టినరోజులు, పెళ్లిరోజులు వచ్చినవాళ్లకు శుభాకాంక్షలు చెబుతారు. ఆలస్యంగా వచ్చినవాడికి, బిళ్ల పెట్టుకోవడం మరిచినవాడికి సరదాగా జుల్మానా వేస్తారు. లయన్స్ వారిలో ఈ పని చేసే ఆయనకు టెయిల్ ట్విస్టర్ అని పదవి కూడా ఉంది. తర్వాత అతిథి ఉపన్యాసం, రాబోయే వారం సేవా కార్యక్రమాల ప్రకటన, జనగణమన, భోజనం.

ఈ క్రమంలో తప్పేమీ లేదు. నలుగురు కూర్చుని మాట్లాడుకోవడం, నవ్వుకోవడం, ఊరికి ఏదో చేయాలనుకోవడం మంచివే. మనం చూడవలసింది ఈ గంటన్నరలో పని ఎలా పంచుకున్నారన్నది. పాట పాడింది ఎవరు? పూలగుత్తి అందించింది ఎవరు? భోజనాల ఏర్పాటు చూసింది ఎవరు? తీర్మానం మీద చెయ్యెత్తింది ఎవరు? చెక్కు మీద సంతకం పెట్టింది ఎవరు? చాలాకాలం పాటు మొదటి మూడు ప్రశ్నలకూ జవాబు స్త్రీలు, చివరి రెంటికీ పురుషులు. ఇంట్లో ఉన్న శ్రమ విభజనే హోటల్ హాల్లోకి ఇస్త్రీ బట్టలు కట్టుకుని వచ్చింది.

పత్రికలో వచ్చే ఫోటోను కూడా ఒకసారి జాగ్రత్తగా చూడండి. పదిమంది పురుషులు నిలబడి ఉంటారు. ఒక కుట్టు మిషన్ మీద అందరి చేతులూ ఉంటాయి. చివరన కొంగు నిండుగా కప్పుకుని ఒక స్త్రీ. కింద వ్యాఖ్యలో ఇచ్చినవాళ్లందరి పేర్లూ, హోదాలూ వస్తాయి. తీసుకున్నామె మాత్రం "పేద మహిళ". ఆమెకూ ఒక పేరుందని, ఇంతకు ముందు ఆమె ఏ పని చేసిందో, ఈ మిషన్ కావాలని ఆమే అడిగిందో లేదో తెలుసుకోవాలని ఎవరికీ తోచదు.

మగవాళ్ల వారం ఎలా మొదలైంది?

1905 ఫిబ్రవరి 23న అమెరికాలోని షికాగోలో నలుగురు కలుసుకున్నారు. పాల్ హారిస్ అనే లాయరు, ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజనీరు, ఒక దర్జీ దుకాణం యజమాని. పెద్ద నగరంలో వ్యాపారం చేసుకుంటున్న ఒంటరి మనుషులకు స్నేహం, ఒకరికొకరు సాయం కావాలన్నది వాళ్ల ఆలోచన. ఒక వారం ఒకరి ఆఫీసులో, మరో వారం మరొకరి ఆఫీసులో వంతులవారీగా కలవడం వల్లనే రోటరీ అన్న పేరొచ్చింది. ఊరి సేవ తర్వాత వచ్చి చేరింది. మన దేశంలో 1919–20లో కలకత్తాలో మొదటి రోటరీ క్లబ్బు ఏర్పడింది. 1917లో పుట్టిన లయన్స్ 1956లో బొంబాయి వచ్చింది.

రోటరీలో "వర్గీకరణ" అని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒక్కో వృత్తినుంచి ఒక్కో ప్రతినిధి. ఒక డాక్టరు, ఒక లాయరు, ఒక బ్యాంకు మేనేజరు, ఒక సిమెంటు డీలరు, ఒక కాలేజీ ప్రిన్సిపాలు. సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు ఇది చాలా తెలివైన ఏర్పాటుగా కనిపిస్తుంది. ఊళ్లో అధికారం ఉన్న ప్రతి కుర్చీనుంచీ ఒక మనిషిని తెచ్చి ఒకే బల్ల చుట్టూ వారం వారం కూర్చోబెడితే ఏమవుతుంది? బ్యాంకు అప్పు గురించి కాగితం కదలక ముందే మాట కదులుతుంది. పిల్లవాడి సీటు, కొత్త కాంట్రాక్టు, మునిసిపాలిటీ అనుమతి, కోర్టు వాయిదా – వీటిలో ఏదీ సమావేశం ఎజెండాలో ఉండదు. అన్నీ భోజనాల దగ్గర పరిష్కారమవుతాయి. లంచం అక్కర్లేదు, పరిచయం చాలు. ఆ పరిచయానికి తిండి పెట్టేది వారపు హాజరు. అందుకే హాజరు నియమం అంత గట్టిగా ఉండేది. మన ఊళ్లో సమావేశానికి వెళ్లలేకపోతే మరో ఊరి క్లబ్బులో హాజరు వేయించుకుని సరిచేసుకోవాలి. 2016లో ఈ నియమాలు సడలించేదాకా రోటరీలో వారపు సమావేశం తప్పనిసరి. ఇప్పుడు నెలకు రెండుసార్లు కలిస్తే చాలు.

ఈ వర్గీకరణలో గృహిణి అన్న వృత్తి లేదు. వంట, పిల్లల పెంపకం, ముసలివాళ్ల సేవ వృత్తులు కాదు కాబట్టి వాటికి ప్రతినిధి అక్కర్లేదు. పిల్లల కోసం ఉద్యోగం మానేసినవారు, భర్త పనిలో తోడుగా ఉన్నవారు కూడా సభ్యత్వానికి అర్హులేనని రోటరీ నియమావళి ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. అసలు టీచరు, డాక్టరు, లాయరు అయిన స్త్రీకి కూడా చోటు లేనప్పుడు గృహిణి మాట ఎక్కడిది? "సభ్యుడు" అంటే పురుషుడు అని నియమావళిలోనే రాసుకున్నారు.

భర్త పేరుతో వచ్చిన కుర్చీ

మరి సభ్యుల భార్యలను ఏమనాలి? 1914లో హ్యూస్టన్ మహాసభకు రైల్లో వెళుతున్న సభ్యుల మధ్య ఒకరి భార్య ఉంది. ఆమె పేరు ఆన్. ఆమెను సరదాగా "రోటరీ ఆన్" అన్నారు. ఆ సరదా స్థిరపడి, రోటరీ సభ్యుల భార్యలందరూ "ఆన్స్" అయ్యారు. మన దేశంలో ఇంకో అడుగు వేసి పిల్లల్ని "ఆనెట్స్" అన్నారు. ఒక మనిషి సొంత పేరు వేలమంది స్త్రీల సొంత పేర్లను మింగేసింది. ఆహ్వాన పత్రికలో భర్త పేరుకు ముందు "రొటేరియన్", భార్య పేరుకు ముందు "ఆన్". పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకున్నవాళ్లకు ఈ అనుభవం కొత్తేమీ కాదు.

1924లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో మార్గరెట్ గోల్డింగ్ చొరవతో రోటరీ సభ్యుల భార్యలు ఇన్నర్ వీల్ అనే సంఘం పెట్టుకున్నారు. లయన్స్ వారు 1975లో లయనెస్ క్లబ్బులు ప్రారంభించారు. వీటిని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. ఇల్లు దాటి బయటకు రావడానికి, మైకు ముందు నిలబడడానికి, జమాఖర్చులు రాయడానికి ఎందరో మధ్యతరగతి స్త్రీలకు అవే మొదటి బడులు. ఆస్పత్రుల్లో, అనాథాశ్రమాల్లో వాళ్లు చేసిన పని తక్కువదేమీ కాదు. కాని ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. భర్త సభ్యత్వం ద్వారా దొరికిన ప్రవేశం భర్తదే అవుతుంది, ఆమెది కాదు. ఇన్నర్ వీల్ తలుపు చాలాకాలం రోటరీ సభ్యుల కుటుంబ స్త్రీలకే తెరిచి ఉంది. అంటే అవివాహిత టీచరు, ఒంటరి స్త్రీ, కూలి చేసుకునే స్త్రీ – వీళ్లెవరికీ పెద్ద క్లబ్బులోనూ చోటులేదు, పక్క క్లబ్బులోనూ చోటులేదు.

డ్యుఆర్టే ఊళ్లో ఏం జరిగింది?

ఈ గోడ ఎలా కూలిందో మనం తెలుసుకోవాలి. ఎందుకంటే అది హక్కుల కథ.

కాలిఫోర్నియాలో డ్యుఆర్టే అనే చిన్న ఊరుంది. 1977లో అక్కడి రోటరీ క్లబ్బు సభ్యులు తగ్గిపోయి మూతబడే స్థితికి వచ్చింది. ఊళ్లో బాధ్యతగల స్థానాల్లో ఉన్న ముగ్గురు స్త్రీలను వాళ్లు సభ్యులుగా చేర్చుకున్నారు. మరుసటి ఏడు అంతర్జాతీయ రోటరీ ఆ క్లబ్బు గుర్తింపు రద్దు చేసింది. వాళ్లు లొంగలేదు. తమను తాము "మాజీ రోటరీ క్లబ్బు" అని పిలుచుకుంటూ సమావేశాలు జరుపుకుంటూనే కోర్టుకెక్కారు. కింది కోర్టులో ఓడిపోయారు. 1986లో అప్పీలు కోర్టులో గెలిచారు. కేసు అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1987 మే 4న కోర్టు 7–0 తేడాతో స్త్రీల పక్షాన తీర్పు చెప్పింది. న్యాయమూర్తి పావెల్ ఆ తీర్పు రాశారు.

అక్కడ రోటరీ తరఫు వాదన ఏమిటి? స్నేహితుల్ని ఎన్నుకునే స్వేచ్ఛ మాకుంది, ఇది మా ఆంతరంగిక వ్యవహారం, ప్రభుత్వం జోక్యం చేసుకోకూడదు అని. స్త్రీలు వస్తే సోదరభావం చెడుతుందని, వేరు వేరు సంస్కృతులున్న దేశాల్లో పని చేయడం కష్టమవుతుందని కూడా అన్నారు. కోర్టు చేసిన పని నాకు చాలా నచ్చింది. వారం వారం అక్కడ నిజంగా ఏం జరుగుతుందో చూసింది. 1982 నాటికి 157 దేశాల్లో 19,788 క్లబ్బులు, సుమారు 9,07,750 మంది సభ్యులు. ఒక్కో క్లబ్బులో 20 మందిలోపు నుంచి 900 పైచిలుకు దాకా ఉంటారు. ఏటా పదిశాతం మంది మారుతుంటారు. వారపు సమావేశానికి బయటి ఊళ్ల సభ్యులు వస్తారు, అతిథులు వస్తారు, పత్రికలవాళ్లను రమ్మంటారు. ఇంతమంది కొత్తవాళ్ల మధ్య జరిగేది కుటుంబంలాంటి ఆంతరంగిక బంధం ఎలా అవుతుందని కోర్టు అడిగింది. స్త్రీలు చేరినంత మాత్రాన సేవా కార్యక్రమాలకు వచ్చే నష్టమేమీ లేదని కూడా తేల్చింది. వ్యాపార సంస్థలు వివక్ష చూపకూడదన్న కాలిఫోర్నియా పౌరహక్కుల చట్టం ఈ క్లబ్బుకు కూడా వర్తిస్తుందని నిలబెట్టింది.

ఇంకో సంగతి ఆ తీర్పులోనే ఉంది. స్త్రీలు సభ్యులు కాకపోయినా సమావేశాలకు రావచ్చు, ఉపన్యాసాలివ్వచ్చు, బహుమతులు అందుకోవచ్చు. సభ్యుల కుటుంబ స్త్రీలు బిళ్ల కూడా పెట్టుకోవచ్చు. అన్నీ చేయచ్చు, ఓటు తప్ప! మన రాజకీయ పార్టీల మహిళా విభాగాలు గుర్తుకు రావడం లేదూ?

తీర్పు వచ్చిన ఏడే డ్యుఆర్టే క్లబ్బుకు సిల్వియా విట్‌లాక్ అనే పాఠశాల ప్రిన్సిపాలు అధ్యక్షురాలైంది. రోటరీ క్లబ్బుకు తొలి మహిళా అధ్యక్షురాలు ఆమే. 1987లోనే లయన్స్ వారూ స్త్రీలకు సభ్యత్వం ఇచ్చారు. 1989లో రోటరీ శాసన మండలి నియమావళి మార్చి ప్రపంచమంతటా తలుపు తెరిచింది.

మన దేశం వెనకబడిందా?

ఈ కథ విన్నవాళ్లు "అదంతా పాశ్చాత్య దేశాల సంగతి" అంటారు. రోటరీ సొంత చరిత్రలోనే దానికి జవాబుంది. నియమావళిలోంచి "పురుషుడు" అన్న మాట తీసేయాలని 1950లో ప్రతిపాదన పంపింది మన దేశంలోని ఒక క్లబ్బు! మన రాజ్యాంగం అమలులోకి వచ్చిన ఏడాది అది. 1964లో శ్రీలంకనుంచి అలాంటి ప్రతిపాదనే వెళ్లింది, దాన్ని ఉపసంహరింపజేశారు. 1980లో మరికొన్ని దేశాల క్లబ్బులతోబాటు మళ్లీ మన దేశపు క్లబ్బులు కూడా ప్రతిపాదించాయి. వేరు సంస్కృతులున్న దేశాలు ఒప్పుకోవని ఎవరి పేరు చెప్పి స్త్రీలను ఆపారో, ఆ దేశాలనుంచే మార్పు కోరిన గొంతులు ముందుగా వచ్చాయి. స్త్రీల హక్కులకు అడ్డం వచ్చినప్పుడల్లా "సంస్కృతి" అన్న మాటను ఎవరు, ఎవరి తరఫున వాడుతున్నారని అడగడం మనం నేర్చుకోవాలి.

ఐతే చట్టం విషయంలో మన పరిస్థితి వేరు. రాజ్యాంగం 15వ అధికరణం లింగవివక్షను నిషేధించింది. అది ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది. దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాలు, బావులు, చెరువులు వంటి చోట్ల వ్యక్తులు కూడా వివక్ష చూపరాదని అందులోని రెండో భాగం చెబుతుంది. ప్రైవేటు క్లబ్బు సభ్యత్వం దాని పరిధిలోకి సూటిగా రాదు. 19వ అధికరణం సంఘాలు పెట్టుకునే స్వేచ్ఛ ఇచ్చింది. ఒక మతస్తులకే సభ్యత్వం ఇచ్చే గృహనిర్మాణ సహకార సంఘం నియమాన్ని 2005లో మన సుప్రీంకోర్టు సమర్థించింది కూడా. కాబట్టి సంఘాల లోపలి వివక్షను ఎదుర్కోవడానికి కోర్టు ఒక్కటే మనకు చాలదు. లోపలినుంచి అడిగేవాళ్లూ, బయటినుంచి ఒత్తిడి పెట్టేవాళ్లూ ఇద్దరూ కావాలి.

తలుపు తెరిచాక ఏం జరిగింది? ప్రపంచవ్యాప్తంగా రోటరీలో స్త్రీలు ఇప్పుడు సుమారు నాలుగోవంతు. లయన్స్‌కు 2018లో, రోటరీకి 2022లో మొదటి అంతర్జాతీయ మహిళా అధ్యక్షులు వచ్చారు. నూరేళ్లు దాటాక! మన పట్టణాల్లోనూ మహిళా అధ్యక్షులున్నారు, స్త్రీలే నడిపే క్లబ్బులున్నాయి. సంతోషమే. కాని సమావేశం రాత్రి ఎనిమిదింటికి పెడితే, ఇంట్లో వంట ఎవరు చేయాలన్నది మారకపోతే, సభ్యత్వ రుసుము సొంత సంపాదనలోంచి కట్టలేకపోతే, తెరిచిన తలుపులోంచి ఎందరు లోపలికి రాగలరు? వచ్చినవాళ్లలో దళిత స్త్రీలు, ముస్లిం స్త్రీలు, కూలి స్త్రీలు ఎందరు? లింగవివక్ష తొలగినా కులం, వర్గం గుమ్మంలో కాపలా కాస్తూనే ఉంటాయి.

సేవ అంటే ఎవరికి?

ఇక్కడ అసలు విషయానికి వస్తున్నాను. ఈ క్లబ్బుల సేవ వల్ల ప్రయోజనం లేదని నేననను. 1985లో రోటరీ మొదలుపెట్టిన పోలియో కార్యక్రమం సామాన్యమైనది కాదు. మన దేశంలో 1995లో పల్స్ పోలియో మొదలైంది, 2011 జనవరి తర్వాత సహజ పోలియో కేసు రాలేదు, 2014 మార్చిలో ఈ ప్రాంతాన్ని పోలియో రహితమని ప్రకటించారు. డబ్బు, ప్రచారం, కార్యకర్తల సమీకరణలో రోటరీ పాత్ర ఉంది. ఐతే ఎండలో మందు పెట్టె భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది ఎవరు? ఏ.ఎన్.ఎం.లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, తర్వాత ఆశా కార్యకర్తలు. పిల్లవాడి గోటిమీద సిరా గుర్తు పెట్టిన చేతులు వాళ్లవి.

అంగన్‌వాడీ వ్యవస్థ 1975లో వచ్చింది. అందులో పనిచేసే స్త్రీలను ప్రభుత్వం ఉద్యోగులనదు, "గౌరవ కార్యకర్తలు" అంటుంది. జీతం అనదు, "గౌరవ వేతనం" అంటుంది. వాళ్లకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పడానికి 2022 ఏప్రిల్ దాకా ఆగవలసి వచ్చింది. ఒకే "సేవ" అన్న మాట రెండుచోట్ల రెండు పనులు చేస్తోంది చూడండి. కలిగిన పురుషుడికి అది వారానికి ఒక సాయంత్రం, ఆపైన శాలువా, పత్రికలో పేరు. పేద స్త్రీకి అదే మాట ఆమె శ్రమకు కూలి ఎగ్గొట్టే సాధనం. స్త్రీ సేవ చేయడం ఆమె స్వభావమని నమ్మే సమాజంలో ఆమె సేవకు వెల కట్టడం అనవసరమవుతుంది.

కుట్టు మిషన్ సంగతి కూడా ఇంతే. ఎందుకు ఎప్పుడూ కుట్టు మిషనే? ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు, పిల్లల్ని చూసుకోవచ్చు, బయటి మగవాళ్లతో మాట్లాడనక్కర్లేదు. దాతల మనసులో ఉన్న "మంచి స్త్రీ" బొమ్మకు అది సరిపోతుంది. ఒక బస్తీలో ఇరవై మిషన్లు ఇస్తే ఇరవైమందీ ఒకరితో ఒకరు పోటీపడి జాకెట్టు కుట్టుకూలి తగ్గించుకోవలసి వస్తుందని ఎవరాలోచిస్తారు? ఆమెకు కావలసింది రేషను కార్డు కావచ్చు, ఇంటిపట్టా కావచ్చు, తాగి కొట్టే భర్తనుంచి రక్షణ కావచ్చు. వాటిని క్లబ్బు పంచలేదు. అవి హక్కులు. హక్కు అడిగితే ఎవరో ఒకరు జవాబుదారీ కావాలి. దానం ఇస్తే ఎవరూ కానక్కర్లేదు, పుచ్చుకున్నామె కృతజ్ఞురాలు కావాలి, అంతే.

అందుకే నేను రెండు మాటల్ని పక్కపక్కన పెట్టి చూడమంటాను: లబ్ధిదారు, సభ్యురాలు. లబ్ధిదారును పిలుస్తారు, సభ్యురాలు వస్తుంది. లబ్ధిదారు వరసలో నిలబడుతుంది, సభ్యురాలు కుర్చీలో కూర్చుంటుంది. లబ్ధిదారు పేరు జాబితాలో ఉంటుంది, ఆ జాబితా ఎలా తయారైందని సభ్యురాలు అడగగలదు.

మన వారపు సమావేశాలు

ఇదంతా చెప్పాక మన ఇంటి సంగతి కూడా చూసుకోవాలి. సంఘం పెట్టుకుని కలుసుకోవడం మనకు ఎవరో నేర్పింది కాదు. షికాగోలో ఆ నలుగురు కలవడానికి మూడేళ్లు ముందు, 1902లో, మచిలీపట్నంలో బండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ కలిసి బృందావన స్త్రీ సమాజం స్థాపించారు. 1937లో దుర్గాబాయి మద్రాసులో ఆంధ్ర మహిళాసభ పెట్టారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకుంటున్న స్త్రీలు తమ కష్టం గురించి తామే మాట్లాడుకుని సారా దుకాణం మూయించారు. ఆ మాట ఊరూరా పాకి 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ బడుల్లో వాళ్లు రోజూ కలుసుకోకపోతే ఆ ఉద్యమం లేదు. కలుసుకోవడమే శక్తి అని ఆ స్త్రీలు చూపించారు.

ఆ తర్వాత పొదుపు సంఘాలు వచ్చాయి. క్రమంగా సమావేశం, క్రమంగా పొదుపు, లోపలి అప్పులు, సకాలంలో చెల్లింపు, సరైన పుస్తకాలు – పంచసూత్రాలన్నారు. మొదటి సూత్రం సమావేశమే. కాని ఆ సమావేశంలో ఏం మాట్లాడుకుంటున్నాం? చాలాచోట్ల హాజరు, వాయిదా, సంతకం – అంతటితో సరి. సూక్ష్మరుణ కంపెనీలు మన వారపు సమావేశాన్నే తీసుకుని వసూళ్ల యంత్రంగా మార్చాయి. ఒకామె కట్టలేకపోతే తక్కినవాళ్లు ఆమె గుమ్మం ముందు కూర్చోవాలి. అక్కచెల్లెళ్లలా ఉండాల్సినవాళ్లు ఒకరికొకరు కాపలాదారులయ్యారు. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వారపు వాయిదాలను నెలవారీ చేసింది, ఇళ్లమీద పడి వసూలు చేయడాన్ని ఆపింది.

అంటే వారం వారం కలవడం దానంతటదే మంచీ కాదు, చెడూ కాదు. షికాగోలో అది వ్యాపారుల బలమైంది. దూబగుంటలో అలా తరచు కలవడమే స్త్రీల తిరుగుబాటైంది. అప్పుల కంపెనీ చేతిలో ఉరితాడైంది. ఎజెండా ఎవరు రాస్తారు, పుస్తకం ఎవరి దగ్గరుంటుంది, కాదు అని చెప్పే హక్కు ఎవరికుంది అన్న మూడింటిమీదే అంతా ఆధారపడి ఉంది.

చేయగలిగిన పనులు

చివరగా, రేపు ఇళ్లకు వెళ్లాక చేయగలిగినవి కొన్ని చెబుతాను.

మిమ్మల్ని క్లబ్బు సమావేశానికి పిలిస్తే తప్పక వెళ్లండి. శాలువా మాత్రమే పుచ్చుకుని రాకండి. మీ సభ్యుల్లో స్త్రీలెందరు, కార్యవర్గంలో ఎందరు, లబ్ధిదారుల జాబితా ఎలా చేస్తారు అని మర్యాదగానే అడగండి. ఆ ప్రశ్న వారపు నివేదికలోకి ఎక్కాలి.

వస్తువులకన్నా ముందు సమయం అడగండి. గృహహింస చట్టం 2005లో వచ్చింది. దాని 10వ సెక్షను కింద స్త్రీల హక్కుల కోసం పనిచేసే నమోదైన సంస్థలు సేవా ప్రదాతలుగా పేరు నమోదు చేసుకోవచ్చు. మీ సంఘం నమోదు చేసుకుని, క్లబ్బులోని డాక్టర్ని నెలకు రెండు పూటలు గాయాలను పరీక్షించమనండి, లాయర్ని ఫీజు లేకుండా రెండు కేసులు చూడమనండి. కుట్టు మిషన్ ఇవ్వడంకన్నా ఇది వాళ్లకు కష్టం. ఎందుకంటే ఆ కేసుల్లో ఎదుటివాడు వాళ్ల పక్క కుర్చీలో కూర్చునే మనిషే కావచ్చు. వాళ్ల సేవ ఎంత లోతుదో అక్కడ తేలుతుంది.

ఫోటోల విషయంలో గట్టిగా ఉండండి. సాయం పుచ్చుకునే స్త్రీ అనుమతి లేకుండా ఫోటో తీయనివ్వకండి. ఆమె పేరు వేస్తే అందరి పేర్లతో సమానంగా వేయమనండి.

క్లబ్బుల్లో సభ్యులుగా ఉన్న స్త్రీలను పరాయివాళ్లుగా చూడకండి. పదిమంది మగవాళ్ల మధ్య ఒక్కతే కూర్చుని మాట్లాడడం ఎంత కష్టమో మనకు తెలుసు. ఆమె లోపల అడగాల్సిన ప్రశ్నకు కావలసిన సమాచారం, ధైర్యం బయటినుంచి మనం ఇవ్వగలం.

మన సంఘాల సమావేశాల్లో కూడా ఇవే లెక్కలు వేయండి. ఎప్పుడూ మాట్లాడేది ఎవరు, ఎప్పుడూ టీ పెట్టేది ఎవరు, తీర్మానాల పుస్తకం ఏ కులం ఆమె చేతిలో ఉంటోంది? ఇతరుల్ని అడిగే ప్రశ్న మనమీద మనం వేసుకోకపోతే ఆ ప్రశ్నకు బలముండదు.

డ్యుఆర్టే క్లబ్బువాళ్లు గుర్తింపు పోయాక కూడా దాదాపు పదేళ్లు పట్టు విడవలేదు. గుర్తింపు ఇచ్చేవాళ్లు కాదన్నా కలుసుకోవడం మానలేదు. మనం వాళ్లనుంచి తీసుకోవలసింది అదే. వచ్చే వారం మీ ఊళ్లో మీ సంఘం కూర్చున్నప్పుడు హాజరు, వాయిదాలు అయిపోయాక ఇంకో అరగంట ఉండండి. ఆ అరగంటకు ఎజెండా మీరే రాసుకోండి.